మొదటి చెంబు

నాకు మందు అలవాటు లేదు. షుగరొచ్చిన దగ్గర్నుంచి మామిడిపండు అలవాటు కూడా ఇంట్లోవాళ్ళు మాన్పించారు. ఈ రెండూ ఒకేచోట ఉండే తోటకు, అదీ జూన్ ఎండలో నన్ను పంపించాడంటే, మా ఆదివారం అనుబంధం ఎడిటరుకు నా మీద పాత కక్ష ఏదో ఉండే ఉంటుంది. "చాట్రాయి దగ్గర ఎవరో రైతు తోటలోనే విస్కీ తయారుచేస్తున్నాడట. లైసెన్సూ గట్రా అన్నీ ఉన్నాయట. వెళ్ళి నాలుగు ముక్కలు రాసుకు రండి," అన్నాడు. ఇలాంటి చోట ఏం జరుగుతుందో నాకు తెలుసు. యజమాని రంగుల కాగితం ఒకటి చేతిలో పెడతాడు. ఈ విద్య కోసం తను ఎన్ని దేశాలు తిరిగిందీ చెబుతాడు. మనం తలూపుతూ కూచోవాలి.

నూజివీడు దాటి విస్సన్నపేట రోడ్డెక్కాక రెండు పక్కలా తోటలే. సీజను చివరికొచ్చింది. రోడ్డు వారన టార్పాలిన్ల కింద మిగిలిన రసాలు పోసి అమ్ముతున్నారు. నేను అటు చూడకుండా ముందుకు చూస్తూ కూచున్నాను. చాట్రాయి దారిలో కుడిచేతి వైపు తోట అన్నారు గానీ గేటుకు బోర్డు లేదు. పండు మాగుతున్న వాసన పట్టుకుని లోపలికి వెళ్ళాను.

యజమాని లక్ష్మీనరసింహారావుగారు అరవై దాటిన మనిషి. లుంగీ, చేతుల బనీను, మెళ్ళో తాడుకు వేలాడే కళ్ళజోడు. రంగుల కాగితం ఆయన దగ్గర లేదు. బోర్డేదండీ అని అడిగాను.

"మా ఆవిడ పెట్టనివ్వలేదండీ. బోర్డు పెడితే పుట్టింటికి పోతానంది."

ఆవిడ సుబ్బరత్నమ్మగారు వరండాలోంచే అందుకున్నారు. "మీవారు తాండ్ర చేస్తారటగా అని అడిగితే అవునని చెప్పుకుంటున్నానండీ నేను. ఇంక బోర్డు కూడానా?"

ఒకప్పుడు నిజంగా తాండ్రే చేసేవారట. గాలివాన వచ్చిన ఏడు దెబ్బతిన్న పండ్లు గుట్టలు గుట్టలుగా మిగిలిపోవడం చూడలేక ఈ దారి పట్టారు. లైసెన్సు కోసం ఆరేళ్ళు తిరిగారు. "అందరూ విస్కీ అంటారు గానీ ఇది విస్కీ కాదండీ. విస్కీని ధాన్యంతో చేస్తారు. ఇది మా రసాల్లోంచి దింపింది. చెప్పి చెప్పి విసుగొచ్చి, ఇప్పుడు విస్కీ అన్నా పలుకుతున్నాను," అన్నారు. మనిషి నాకు నచ్చాడు. అయితే నాతో మాట్లాడుతూనే మాటిమాటికీ షెడ్డు పక్కనున్న పండ్ల కొట్టం వైపు చూస్తున్నారు. ఎదుటి మనిషి నా మొహం చూడకుండా మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. అక్కడేముందండీ అని అడిగేశాను.

"కృష్ణవేణి వచ్చింది. మూడేళ్ళకి వచ్చింది. కానీ కాగు దగ్గరికి మాత్రం రానంటోంది."

కాగు అంటే ఆయన సారం తీసే రాగి పాత్ర. షెడ్డులోకి తీసుకెళ్ళి చూపించారు. మూడొందల లీటర్లది. వేణ్ణీళ్ళ కాగులా ఉంటుంది కాబట్టి పనివాళ్ళు ఆ పేరు పెట్టారు, అదే ఉండిపోయింది. రసం డ్రమ్ముల్లో నాలుగైదు రోజులు పులుస్తుంది. దాన్ని కాగులో పోసి కింద మంట పెడితే ఆవిరి లేచి, రాగి గొట్టంలోంచి చన్నీళ్ళ తొట్టిలోకి దిగి, చల్లబడి, బయటికి సన్నటి ధార కడుతుంది. ఆ ధారలో మూడు భాగాలట. మొదట వచ్చేది తల. అది విషం, తాగితే చూపు పోవచ్చు. తర్వాత వచ్చేది నడుం. పీపాల్లోకి పోసి దాచేది దాన్నే. ఆఖరున వచ్చేది తోక, అది చప్పగా కంపు కొడుతుంది. మూడూ చూడ్డానికి నీళ్ళలాగే ఉంటాయి. తల అయిపోయి నడుం ఎక్కడ మొదలైందో పట్టుకోవడంలోనే పనితనమంతా ఉంది.

"థర్మామీటరు దగ్గర దాకా తీసుకొస్తుందండీ. ఆ చివర మాత్రం ముక్కే చెప్పాలి. నాకు ముక్కు లేదు. ముప్పయ్యేళ్ళు నశ్యం పీల్చాను."

పండ్లు ఏరే కృష్ణవేణికి ఆ ముక్కు ఉంది. మూడేళ్ళ కిందట మొట్టమొదటిసారి కాగు వెలిగించిన రోజు ఆమె ధార పక్కన నిలబడి, "ఇప్పుడు మారిందండీ వాసన," అంది. ఆ రోజు పట్టిన పీపా ఒక్కటే ఇప్పటికి గర్వంగా చూపించుకోదగ్గది. తర్వాత రెండేళ్ళూ తల నడుంలో కలిసిపోయింది. కొనడానికి వచ్చినవాళ్ళు ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని గ్లాసు కింద పెట్టేశారు. "ఈ ఏడు కూడా కుదరకపోతే కాగు తీసేస్తానండీ," అన్నారాయన. అంటున్నప్పుడు గొంతు బాగానే ఉంది గానీ చెయ్యి వెళ్ళి కాగు పక్కనున్న చన్నీళ్ళ తొట్టి అంచు పట్టుకుంది.

ఆమె రావడం మానేసిన సంగతి కూడా ఆయనే చెప్పారు. కాగు పక్కన కట్టెలు ఎగదోస్తున్న మల్లయ్య ఆమె భర్త. తోట కాపలా కూడా అతనే. ఆ మొదటి రోజున రావుగారు పనివాళ్ళందరినీ పిలిచి, మొదట వచ్చే లీటరున్నర పారబోయాలని చెప్పారు. ఎందుకో చెప్పలేదు. తోటలో మొదటి కాయ కోసినా, మొదటి పండు మాగినా, చివరికి కొత్త బోరులో మొదటి నీళ్ళు పడినా అవి ముత్యాలమ్మవి. తోట చివర పసుపు పూసిన రాయే ముత్యాలమ్మ. అలాంటిచోట మొదటిది పారబొయ్యమంటే ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. బాబుగారికి ఇవన్నీ పట్టవులే అనుకుని, కృష్ణవేణి ధార కట్టగానే ఇత్తడి చెంబు పట్టింది. పనివాళ్ళంతా చూశారు. దాచిపెట్టిందేమీ లేదు, రావుగారితో చెప్పాల్సిన విషయమని ఎవరికీ తోచలేదు. మధ్యాహ్నం పని అయ్యాక చెంబు తీసుకెళ్ళి సగం అమ్మవారి మీద పోసింది. మిగతా సగం ప్రసాదంగా మల్లయ్య తాగాడు.

"గంట తిరక్కుండా వాంతులండీ," అన్నాడు మల్లయ్య. ఇష్టమైన కథ చెబుతున్నవాడిలా కట్టె పక్కన పెట్టి మరీ చెప్పాడు. "తల పగిలిపోయింది. కళ్ళ ముందు పొగమంచు. మా ఆవిడ నలుగురిలా కనపడింది. ఒక్కదానితోనే చచ్చిపోతన్నాను, నలుగురేంట్రా దేవుడా అనుకున్నానండీ."

రావుగారికి చెంబు చూడగానే అర్థమైంది. కారులో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మూడు రోజులకు మల్లయ్య లేచి కూచున్నాడు. చూపు ఎక్కడికీ పోలేదు. కానీ కృష్ణవేణి ఆ తర్వాత తోటలో అడుగు పెట్టలేదు. రావుగారు నాలుగుసార్లు ఇంటికి వెళ్ళి అడిగారు. నా మీద కోపమా అంటే కాదంది. భయమా అంటే కాదంది. కాగు తీసేస్తున్నారట అని మల్లయ్య చెబితే నిన్న ఒక్క మాట అందట, "పండ్లు ఏరి పెట్టి వస్తాను, అంతే," అని.

నేను విస్కీ సంగతి వదిలేసి పండ్ల కొట్టంలోకి వెళ్ళాను.

కొట్టమంతా వరిగడ్డి పరుపులు. ఒక వరస గడ్డి, ఒక వరస పండ్లు. ఆమె గొంతుకూచుని, చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టి పండు తీసి, ముక్కు దగ్గర ఒక్క క్షణం పెట్టుకుని ఎడమకో కుడికో పెడుతోంది. యాభై ఏళ్ళుంటాయి. సన్నటి మనిషి. నేను స్టూలు లాక్కుని కూచుంటే, వెళ్ళమనీ అనలేదు, ఉండమనీ అనలేదు.

పదేళ్ళప్పటి నుంచి ఇదే పనట. తల్లితో పాటు తోటల్లోకి వెళ్ళి, ఎదిగాక నూజివీడు మార్కెట్టు యార్డులో కాయ గ్రేడింగు. కళ్ళు మూసుకుని చిన్నరసం ఏదో, పెద్దరసం ఏదో, చెరుకురసం ఏదో చెప్పగలదని యార్డులో పందేలు కాసేవారట. ఒకసారి ఓ లారీ పక్కనుంచి నడిచి వెళ్తూ, లోపల మందు వేసి మాగేసిన కాయ ఉందని చెప్పేసింది. లారీవాడు తిట్టాడు. పై వరసలు తీసి చూస్తే అడుగున కార్బైడ్ పొట్లాలు బయటపడ్డాయి. "ఆ సీజనంతా నన్ను ఎవరూ పనికి పిలవలేదండీ," అంది. ఇది చెప్పేటప్పుడు మాత్రం కొంచెం నవ్వింది.

"మరి అంత ముక్కుండి, ఆ రోజు చెంబులో ఉన్నది చెడ్డదని తెలియలేదామ్మా?" అన్నాను. అన్నాక నాలిక కరుచుకున్నాను. నాకు నోటి మీద అదుపు తక్కువ.

"కంపు కొట్టిందండీ. గోళ్ళరంగు వాసన వచ్చింది. సారా అంటే అంతేనేమో అనుకున్నాను. నేనెప్పుడు తాగాను, నాకు తెలియడానికి?"

"పోనీలే, మీ ఆయన బాగానే ఉన్నాడు కదా."

ఆమె చేతిలో పండు కింద పెట్టింది. "అందరూ అదే అంటారండీ. మీ ఆయన బాగానే ఉన్నాడుగా అంటారు. ఆయన తాగింది సగం చెంబేనండీ. మిగతా సగం నేను ఎవరికి పోశాను?"

నాకు వెంటనే అందలేదు.

"ఈయన్ని కార్లో వేసుకెళ్ళారు. సెలైన్లు పెట్టారు. మూడు రోజులు నేను మంచం దిగనివ్వలేదు. మరి అమ్మనెవరు చూశారండీ? ఆస్పత్రి నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చాను. రాయి మీద పసుపంతా కరిగి చార కట్టింది. నేను పోసిన చోట చీమైనా లేదు. మా అమ్మ, మా అమ్మమ్మ అన్నం పెట్టిన తల్లి. ఆమెకి నా చేత్తో విషం పోశాను. ఏ మొహం పెట్టుకుని అటు వెళ్ళమంటారు? ఆ కాగు దగ్గర నిలబడితే అమ్మ కనపడుతుంది సార్."

గుళ్ళకు వెళ్ళే అలవాటు లేనివాణ్ణి నేను. రాయికి విషం ఎక్కుతుందా అని ఇంకో రోజైతే వాదనకు దిగేవాణ్ణి. ఆమె మొహం చూశాక ఆ మాట నోటికి రాలేదు. మూడేళ్ళుగా ఈ మనిషి ఒక తప్పును ఒంటరిగా మోస్తోంది. అందరూ ఓదారుస్తున్నారు గానీ, ఓదార్పు వేరే తప్పుకు వెళుతోంది.

అంతలో షెడ్డులోంచి ధార పడుతున్న చప్పుడు మొదలైంది. కొట్టం గుమ్మంలోంచి చూస్తే రావుగారు కళ్ళజోడు పెట్టుకుని థర్మామీటరు ముందు వంగి కనిపించారు. గొట్టం కింద ఎర్ర రంగు వేసిన క్యాను ఉంది. తల దాన్లోకే పోతుంది. పక్కన తెల్ల క్యాను సిద్ధంగా ఉంది. కృష్ణవేణి మళ్ళీ పండ్లలో చెయ్యి పెట్టింది. ఐదు నిమిషాలయ్యాయి, పది నిమిషాలయ్యాయి. రావుగారు వేలితో ధారను అందుకుని, పనికిరాని ముక్కు దగ్గర పెట్టుకుని, అనుమానంగా తెల్ల క్యాను వైపు చూశారు.

"ఇంకా తలేనండీ," అంది ఆమె మెల్లగా. అక్కడికి ముప్పై అడుగుల దూరం ఉంటుంది. ఆమె మాట నాకు తప్ప ఎవరికీ వినపడలేదు.

రావుగారు ఎర్ర క్యాను జరపబోయారు. ఆమె చేతిలోని పండు అలాగే ఆగిపోయింది. నేను లేచి అరవనా అనుకున్నాను. ఈలోపు ఆమే లేచింది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ గబగబా నడిచి వెళ్ళి, "ఆగండి బాబుగారూ," అని ఎర్ర క్యానును కాలితో మళ్ళీ ధార కిందికి నెట్టింది.

రావుగారు పక్కకు తప్పుకున్నారు. మల్లయ్య మంట దగ్గర కూచుని నేల చూపులు చూస్తున్నాడు, పలకరిస్తే వెళ్ళిపోతుందేమో అన్నట్టు. ఆమె రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని, రెండు చేతులూ రుద్ది వాసన చూసింది. కాసేపాగి మళ్ళీ చూసింది. మూడోసారి చూసినప్పుడు ఆమె భుజాలు దిగాయి.

"ఇప్పుడు."

తెల్ల క్యాను ధార కిందికి వచ్చింది. నేను కూడా అరచెయ్యి పెట్టి వాసన చూశాను. గడ్డిలోంచి అప్పుడే తీసిన రసం వాసన. మూడేళ్ళయింది నేను ఆ వాసనకు మొహం పెట్టి.

ఇత్తడి చెంబు గోడ మీద ఉంది. చింతపండు పెట్టి తోమి మల్లయ్యే తెచ్చి పెట్టాడు. పెట్టాడే గానీ ఆమె దాన్ని ముట్టుకుంటుందని అతనికి నమ్మకం ఉన్నట్టు లేదు. ఆమె కాసేపు దాని వైపు చూసి, తీసి, నడుం ధార కింద సగం వరకు పట్టింది. తోట చివరికి నడిచింది. ధార దగ్గర ఒక కుర్రాణ్ణి ఉంచి మేమంతా వెనకే వెళ్ళాం.

రాయికి ఎవరో కొత్త పసుపు పూశారు. కృష్ణవేణి దాని ముందు నేల మీద కూచుంది. చెంబు ఎత్తి అమ్మవారి మీద పోస్తుందనుకున్నాం. పొయ్యలేదు. తన నోటికి పెట్టుకుని రెండు గుక్కలు తాగింది.

"అమ్మకి పెట్టకముందే ఏంటే అది," అన్నాడు మల్లయ్య కంగారుగా. పనివాళ్ళలో ఎవరో నోరు నొక్కుకున్నారు.

జన్మలో కల్లు కూడా ముట్టని మనిషి. కళ్ళ వెంట నీళ్ళు కారేలా దగ్గింది. దగ్గు తగ్గాక ఒక మామిడాకు కోసి చెంబు మీద మూత పెట్టి భర్త వైపు తిరిగింది. "నీకు ఎంతసేపటికి వచ్చాయి వాంతులు?"

"గంట పట్టలేదు."

"అయితే గంట కూచుంటాను."

రావుగారికి అప్పుడు అర్థమైంది. ఆమె ఎందుకు రాలేదో, నాలుగుసార్లు ఇంటికి వెళ్ళి తను ఏం అడగలేకపోయారో, అంతా ఒకేసారి అర్థమై మనిషి అక్కడే చతికిలబడ్డాడు. "నువ్వెందుకమ్మా తాగడం. నేను తాగి చూపిస్తాను, ఇలా ఇవ్వు," అన్నారు.

"అమ్మకి పోసేది నేను కదండీ. మీరు చూస్తే ఎలా?"

ఆయన మట్టి గీరుతూ అన్నారు. "పారబొయ్యమన్నాను గానీ ఎందుకో చెప్పలేదు కృష్ణవేణీ. మీకు చెప్పినా తెలియదులే అనుకున్నాను. తప్పు నాది."

"నేనూ అడగలేదుగా బాబుగారూ."

ఆ గంట మామూలుగా గడవలేదు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. మల్లయ్య రెండు నిమిషాలకోసారి ఆమె మొహంలోకి తొంగి చూస్తున్నాడు. కథ చెప్పినప్పటి హుషారు అతని మొహంలో ఎక్కడా లేదు. కాగు ఉన్న వైపుకు ఏనాడూ రాని సుబ్బరత్నమ్మగారు గొడుగు పట్టుకుని వచ్చారు. భర్త వైపు చూడకుండా వెళ్ళి కృష్ణవేణి పక్కన నిలబడి గొడుగు ఆమె మీదికి పట్టారు. మజ్జిగ తెమ్మంటావా అంటే ఆమె వద్దని తలూపింది. ఇంకేదన్నా లోపలికి పోతే లెక్క తప్పుతుందట.

"సార్, గంటయిందా?" అంది నన్ను. వాచీ ఉన్నది నాకే.

"ఇంకా నాలుగు నిమిషాలమ్మా," అన్నాను. అయిపోయిందని చెప్పాలని నాకు ఎంతగానో అనిపించింది. చెప్పలేకపోయాను. ఆ నాలుగు నిమిషాలూ ఆమెకెంత ముఖ్యమో నాకు అప్పటికి తెలిసొచ్చింది.

గంట నిండాక లేచి నిలబడింది. దూరంగా గట్టు మీదున్న చెట్టు చిటారు కొమ్మ వైపు కళ్ళు చిట్లించి చూసింది.

"ఆ పైన నాలుగు కాయలు మిగిలాయి. నాలుగేనా?"

మల్లయ్య చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "నాలుగే."

నేనూ చూశాను. నాకు మూడే కనపడ్డాయి. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళక రెండేళ్ళయింది.

ఆమె మళ్ళీ కూచుని మామిడాకు తీసేసింది. రెండు చేతులతో చెంబు పట్టుకుని ఆ పసుపు రాయికి చాలా దగ్గరగా జరిగింది. జ్వరం తగ్గిన బిడ్డకు మొదటి ముద్ద పెట్టే తల్లిలా ఉంది.

"ఎంగిలే తల్లీ," అంది. "చూసే తెచ్చాను."

చెంబు మొత్తం వంచేసింది. ఈసారి ఎవరికీ మిగల్చలేదు.